దీపాల రేవులో గుర్రపుడెక్క

కంకిపాడులో నాకొక పురుగుమందుల కొట్టుంది. బోర్డు మీద విత్తనాలు, ఎరువులు అని కూడా రాయించాను గానీ వచ్చేవాళ్ళలో చాలామంది బోర్డు చదవరు. సీసా మీద కాగితం అసలే చదవరు. "మందివ్వండి" అంటారు. దేనికంటే "తెగులుకి" అంటారు. ఏం తెగులంటే, నేనేదో పరీక్ష తప్పినట్టు నా మొహం వంక జాలిగా చూస్తారు. ఇన్నేళ్ళలో వీటన్నిటికీ అలవాటు పడ్డాను. ఒక్కదానికే పడలేకపోయాను. "కాలవకి మందు కావాలండీ" అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

కాలువకి ఏం రోగం? రోగమల్లా గుర్రపుడెక్కే. ఉబ్బిన కాడలు, గుండ్రటి దళసరి ఆకులు, ఊదారంగు పూలు. బస్సులో పోయేవాళ్ళకి చూడముచ్చటగా ఉంటుంది. కాలువ కింద పొలమున్నవాడికి చూస్తే కడుపు రగులుతుంది. ఇవాళ రేవులో ఒక మూల చాపంత మేర కనిపిస్తుంది. చూస్తూ చూస్తూ ఉండగానే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పరుచుకుంటుంది. నీళ్ళు ఉన్నాయో లేవో, ఉంటే ఎటు పోతున్నాయో కూడా తెలియదు. నీటికోళ్ళు దాని మీద దర్జాగా నడిచి అవతలి గట్టుకి పోతుంటాయి.

మందు కొడితే అది చావదా అంటే చస్తుంది. అమ్ముకునేవాణ్ణి, నేనెందుకు కాదంటాను? కానీ చచ్చింది ఎక్కడికి పోతుందని ఒక్కడూ అడగడు. పొలంలో కలుపు చస్తే మట్టిలో కలుస్తుంది. నీళ్ళలో కలుపు చస్తే ఆ నీళ్ళలోనే కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఉన్న గాలంతా అదే తినేస్తుంది, చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. పైగా అవి పొలాలకి పెట్టుకునే నీళ్ళు. వరిని ఏమీ చెయ్యని మందే వంగకి, మిరపకి, మినుముకి యముడు. అందుకని పారే పంట కాలువలో ఎవరికి తోచిన మందు వాళ్ళు కొట్టకూడదు. కాలువల ఆఫీసు వాళ్ళని అడగాలి. నీళ్ళలో వాడొచ్చని సీసా మీద ఉండాలి. ఉన్నా కూడా అంతా ఒక్కసారే చంపకూడదు, కొంత కొంత చంపి అది కుళ్ళేలోపు ఒడ్డుకి లాగెయ్యాలి. ఇదంతా నేను చెప్పుకొచ్చేసరికి ఎదుటివాడు పక్క కొట్టు వైపు చూస్తుంటాడు.

పల్లెటూరివాళ్ళనే అనడమెందుకు? ఒకసారి భవానీపురం నుంచి ఒక పెద్దమనిషి కారులో వచ్చాడు. వాళ్ళ అపార్ట్‌మెంటు వాకిట్లో చిన్న తామర కొలను కట్టుకున్నారట, దాన్నిండా నాచు పట్టిందట. "నాచు ఒక్కటే చావాలండీ. తామరలు బాగుండాలి, రంగు చేపలకేం కాకూడదు, పిల్లలు నీళ్ళలో చెయ్యి పెట్టినా ఇబ్బంది ఉండకూడదు. సాయంత్రానికి నీళ్ళు అద్దంలా ఉండాలి, ఫంక్షనుంది" అన్నాడు. చేపలకి వేసే మేత తగ్గించండి, నాచు వలతో తియ్యండి, కొంచెం నీడ కల్పించండి అన్నాను. అంత దూరం నుంచి పెట్రోలు పోసుకొచ్చింది వల కొనుక్కోవడానికా అని ఆయనకి కోపమొచ్చింది. కారు తలుపు ధడేల్మని వేసుకుని పోయాడు.

బయటివాళ్ళతో అయితే ఇలా నవ్వుకోవచ్చు. ఇంట్లోవాళ్ళతో వచ్చింది అసలు తంటా.

మా ఊరు కంకిపాడుకి దగ్గరే. ఊరి నడుమ నుంచి పంట కాలువ పోతుంది, వంతెనకి ఎగువన ఆడవాళ్ళ రేవుంది. కార్తీకమాసం వెళ్ళిన మర్నాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున, ఊళ్ళో ఆడవాళ్ళందరూ అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి ఆ రేవులోనే వదులుతారు. భక్తితో దీపం పెట్టి బొందితో స్వర్గానికి పోయిన కోడలు పోలి కథ చెప్పుకుని, చేత్తో నీళ్ళని మూడుసార్లు ముందుకి తోస్తారు. దొప్ప కదిలి వంతెన కిందుగా దాటిపోవాలి. అది మా అమ్మ పట్టింపు. రేవులోనే గిరగిరా తిరిగి ఆగిపోయిందంటే ఆ ఏడంతా ఆవిడకి మనసు మనసులో ఉండదు.

పోయినేడు దొప్ప ఆగిపోయింది. వదిలీ వదలగానే గుర్రపుడెక్కలో ఇరుక్కుని, కాసేపు వెలిగి, కొండెక్కింది. అమ్మ తెల్లబోయి అక్కడే నిలబడింది. ఆ వెంటనే తుపాను పట్టింది, మా అక్క వంగతోట మునిగిపోయింది.

అక్కని ఇచ్చింది కాలువ దిగువ ఊరే. అక్కా, బావా కాలువ గట్టు పక్కనే పొలం కౌలుకి తీసుకుని కూరగాయలు పండిస్తారు. కాలువలో గొట్టం వేసి ఇంజనుతో నీళ్ళు తోడుకుంటారు. తోట మునిగాక అక్క ఏడవలేదు, తిట్టలేదు. "ఇంకొక్కసారి వేస్తాంరా తమ్ముడూ. ఇది కూడా పోయిందంటే ఇక నాకు ఓపిక లేదు. ఇంజను అమ్మేసి, విజయవాడ పోయి వన్ టౌన్లో ఏ గొడౌన్లోనో పనిలో కుదురుతాం" అంది. మట్టిలో పుట్టి మట్టిలో పెరిగిన మనిషి. గొడౌన్లో బస్తాల మధ్య అక్కని ఊహించుకోవడం కూడా నాకు నచ్చలేదు. ఈ ఏడు మళ్ళీ వంగే వేశారు. కార్తీకం నాటికి చెట్లు మోకాళ్ళ పైకి వచ్చి, నిండా పూతా పిందెతో కళకళలాడుతున్నాయి.

ఆ తోట తుపానులో పోయిందని నేనంటాను. దీపం ఆగినందువల్ల పోయిందని అమ్మ అంటుంది. ఈ వాదన మా ఇంట్లో ఏడాది పొడుగునా నడిచింది. కాబట్టి ఈసారి పోలి పాడ్యమికి రేవు అద్దంలా ఉండి తీరాలని అమ్మ పంతం పట్టింది.

పూర్వం దీనికి ఒక పద్ధతి ఉండేది. కార్తీకం ముగిసేలోపు ఇంటికో మనిషి కొడవలీ తాడూ పట్టుకుని రేవుకి రావాలి. మగవాళ్ళు నీళ్ళలో దిగి డెక్కని కోసి కట్టలు కడితే, ఒడ్డున ఉన్నవాళ్ళు పైకి లాగేవాళ్ళు. మధ్యాహ్నానికి రేవు ఖాళీ అయ్యేది. ఇప్పుడెవరొస్తారు? ఎవరికి వారే యమునా తీరే. ఎవరి ఇంటి ముందు కాలువ వాళ్ళు బాగుచేసుకుంటారు. బాగుచెయ్యడమంటే వెదురుగడతో డెక్కని పక్కింటివాళ్ళ హద్దులోకి తొయ్యడం. పక్కింటివాళ్ళు లేచి చూసుకుని తమ పక్కవాళ్ళ మీదికి తోస్తారు. "మీ డెక్క మా రేవులోకొచ్చింది" అని ఒకరు, "మాదని పేరు రాసుందా?" అని ఇంకొకరు. నీళ్ళలో తేలే మొక్కకి హద్దురాళ్ళు పాతిన ఘనత మా ఊరిది. అలా అందరూ తోయగా తోయగా వచ్చి, అదంతా వంతెన దగ్గర ఆడవాళ్ళ రేవులో మేట వేసింది.

ఒకరోజు నేను అన్నం తింటుంటే అమ్మ మొదలుపెట్టింది.

"కొట్టునిండా మందులు పెట్టుకుని కూచుంటావు. రేవులో దీపం వదలడానికి జానెడు నీళ్ళు కనపడవు. నలుగురూ నన్నడుగుతున్నారు, నీ కొడుక్కి మందుల కొట్టుండీ ఇదేం ఖర్మ అని."

"ఆ నలుగుర్నీ నాలుగు కొడవళ్ళు తెచ్చుకోమనమ్మా. నేనూ వస్తాను, ఒక పూటలో లాగేద్దాం."

"మగాళ్ళెవరూ రారు, నీకు తెలీదా? ఓ సీసా తెచ్చి కొట్టించెయ్యరా. పుణ్యముంటుంది."

"కింద అక్క తోటుంది. ఆ మందు పడితే వంగ నిలువునా మాడిపోద్ది."

"ఇక్కడ కొడితే అక్కడెందుకు పోద్ది?"

"ఇక్కడి నీళ్ళే కదమ్మా అక్కడికి పోయేది!"

అమ్మ నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "పారే నీళ్ళకి దోషమేంట్రా? చచ్చిన గేదె కొట్టుకొచ్చినా రెండు బారలు దాటితే ఆ నీళ్ళు మంచివే. మా అమ్మమ్మ నుంచీ అంతే. నిలవున్న నీళ్ళకే మైల. నీ చదువు నువ్వూను."

అంటు కడిగినా, పురుటి బట్టలు ఉతికినా, పారే నీళ్ళయితే చాలు, దోషం పోయిందనే నమ్మకం ఆవిడది. పుట్టుకతో వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి కలుపుమందుకి అంటగట్టింది. మందుకి మైల తెలియదమ్మా, అది నీళ్ళలో కరిగి నీళ్ళతోపాటే పోతుంది, డెక్క కిక్కిరిసి కాలువ పారుదలే సన్నగిల్లిపోయింది, పల్చబడేది కూడా తక్కువే అని నేను గుక్కతిప్పుకోకుండా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చివరికి విసుగెత్తి, "నా కొట్లో నుంచి ఒక్క చుక్క రాదు" అని కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

"నీ కొట్టొక్కటేనా లోకంలో ఉంది" అంది అమ్మ. ఆ మాట నేను పట్టించుకోవాల్సింది. కోపంలో ఉన్నాను, లేచిపోయాను.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. కొన్నాళ్ళకి నేను మినుము విత్తనాల పనిమీద విజయవాడ వన్ టౌన్‌కి పోయాను. తోపుడుబళ్ళు, ఆటోలు, లోడు దించుతున్న లారీలు ఒకదానికొకటి అడ్డం పడి, నేను అక్కడ నుంచి బయటపడేసరికే మిట్టమధ్యాహ్నం దాటింది. నేను ఊళ్ళో ఉండని రోజు అమ్మకి ముందే తెలుసు. రేవు ఆడవాళ్ళంతా కలిసి ఎవరిచేతనో ఎక్కడి నుంచో మందు తెప్పించారు. ఎక్కడి నుంచో నాకు ఇప్పటికీ చెప్పలేదు.

నేను మోటారుసైకిలు మీద ఊళ్ళోకి దిగుతుంటే రేవు దగ్గర సబ్బునురగ కనిపించింది. వంతెన కింద డెక్క ఆకుల మధ్య తెల్లగా, గుత్తులు గుత్తులుగా. మందు ఆకుకి బాగా అంటుకోవాలని బట్టల సబ్బుపొడి కలపడం మావైపు వాడుక. ఎంత చెప్పినా మానరు. నురగ చూడగానే ఏం జరిగిందో అర్థమైపోయింది.

అమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో కొబ్బరిచిప్ప. ఆవిడ మొహంలో కనిపించిన గర్వం నేను ఇంజనీరింగులో సీటు తెచ్చుకున్నా కనపడేది కాదేమో.

"చూశావా, నువ్వు లేకపోయినా పనైంది. ఏ అపచారం లేకుండా చేయించాంలే, కంగారుపడకు. కొట్టినబ్బాయిని తలస్నానం చేసొచ్చాకే రేవులోకి దిగనిచ్చాం. కార్తీకమాసం కదా, నిన్నటి నుంచి నీచు కూడా ముట్టలేదంట. మందు కొట్టే పంపుని పసుపునీళ్ళతో కడిగి బొట్టు పెట్టాం."

పంపుకి బొట్టు పెట్టారు! ఆ పంపులో పోసిన మందేమిటో ఒక్కరూ చూడలేదు. మెట్ల కింద పడేసిన ఖాళీ సీసా తీసి చూశాను. నేను భయపడిందే. వరిచేలో వెడల్పాటి ఆకుల కలుపుకి వాడే మందు. నీళ్ళలో కొట్టమని దాని మీద ఎక్కడా లేదు. చుట్టుపక్కల చెరువులు, కాలువలు కలుషితం చెయ్యకూడదని మాత్రం ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

"ఎప్పుడు కొట్టారు?"

"పొద్దున్నే. ఏం?"

"ఏమా? నీ కూతురి తోట నీ చేతుల్తో తగలబెట్టావు!" నేను అరిచాను. రేవులో ఉన్న ఆడవాళ్ళు తిరిగి చూశారు. అమ్మ మీద అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. "ఎవరికోసం దీపం పెడదామనుకున్నావు? అక్క కోసమే కదా? ఇప్పుడు ఆ నీళ్ళే అక్క ఇంజన్లోకి పోతున్నాయి!"

అమ్మ ఏదో అనబోయింది. నేను వినలేదు. అక్కకి ఫోను చేస్తూనే బండి తిప్పాను. మోగుతోంది, ఎత్తదు. బావకి చేశాను, ఎత్తడు. ఇంజను ఆడుతుంటే ఫోను వినపడదు. అంటే ఇంజను ఆడుతోందన్నమాట. గట్టు మీద బండి ఎంత జోరుగా పోనిస్తే అంత గుంటల్లో ఎగిరిపడుతోంది. పక్కన కాలువ నా కంటే నిదానంగా, నింపాదిగా వస్తోంది. దాన్ని చూస్తేనే కోపం. డెక్కని చూస్తే కోపం. సీసాలో ఆ మందు చేసినవాడి మీద, అమ్మినవాడి మీద, బొట్టు పెట్టినవాళ్ళ మీద, చెప్పవలసినంత గట్టిగా చెప్పలేని నా గొంతు మీద కోపం.

తోట దగ్గరకి పోయేసరికి ఇంజను చప్పుడు లేదు. బావ నడుంలోతు నీళ్ళలో నిలబడి, కాలువకీ దాని ఏడుతరాలకీ శాపనార్థాలు పెడుతున్నాడు.

"రావయ్యా, సమయానికొచ్చావు. పట్టు ఇటు! ఈ దిక్కుమాలిన గుర్రపుడెక్క గొట్టం మూతికి చుట్టేసుకుని పొద్దుట్నుంచీ చుక్క నీళ్ళు లాగనివ్వలేదు. నాలుగుసార్లు తీశాను. తియ్యడం, ఇంజనెయ్యడం, మళ్ళీ పట్టేయడం. తల ప్రాణం తోకకొస్తోంది. ఇప్పుడు శుభ్రంగా తీశాను, ఇక ఆడుద్ది చూడు."

"వద్దు బావా! ఇంజను ముట్టుకోకు!" అని నేను బండి స్టాండు కూడా వెయ్యకుండా దూకాను. బండి గట్టు మీద పడిపోయింది. అక్క మంచె దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది.

సంగతి చెప్పాను. బావ చేతిలో ఇంకా గుర్రపుడెక్క వేళ్ళు వేలాడుతున్నాయి. పొద్దుటి నుంచీ ఏ మొక్కని తిట్టాడో, ఆ మొక్కే తోటని కాపాడింది. దేన్ని చంపుదామని మా ఊరు బొట్టుపెట్టి మరీ మందు కొట్టిందో అదే అడ్డం పడి ఆ మందు అక్క తోటలోకి పోకుండా ఆపింది. బావ ఆ వేళ్ళని నీళ్ళలోకి విసిరేసి గట్టెక్కాడు.

"ఎవరు కొట్టించారు?" అంది అక్క.

"అమ్మ."

అక్క తోట వైపు తిరిగి చూసింది. తరవాత, "మరి తోటకి నీళ్ళో?" అంది.

అదీ అసలు ప్రశ్న. నీళ్ళు పెట్టి అప్పటికే చాలా రోజులైంది, నేల నెర్రెలిచ్చింది, పిందె రాలడం మొదలుపెట్టింది. పెడితే మందు, పెట్టకపోతే ఎండ. ఎన్నాళ్ళకి ఆ నీళ్ళు మంచివవుతాయని అక్క నన్నడిగింది. మందుల కొట్టువాణ్ణి, వ్యవసాయం చదివినవాణ్ణి, నాకు తెలియలేదు. ఎంత కొట్టారో లెక్క లేదు, ఏం కలిపారో లెక్క లేదు, కాలువ నత్తనడక నడుస్తోంది. రేపు మంచివే అంటే తోట పోవచ్చు, పది రోజులు ఆగమంటే ఎండిపోవచ్చు. నా నోటి నుంచి వచ్చే మాట మీద వాళ్ళ ఏడాది ఉంది.

చివరికి ఒకటి తోచింది. నాటగా మిగిలిన వంగనారు గట్టు మీద కొంచెం ఉంది. దాన్ని పాత పెయింటు డబ్బాల్లో పెట్టించాను. రోజూ ఒక డబ్బాకి ఆ రోజు కాలువ నీళ్ళు పొయ్యాలి. మొక్క ముడుచుకుంటే నీళ్ళు పాడు, ముడుచుకోకపోతే బాగు. నా దగ్గర అంతకన్నా పెద్ద పరికరమేదీ లేదు. ఈలోపు తోట చివరనున్న చేతిపంపు నుంచి బిందెలతో మోసి మొదళ్ళు తడపడం. తోటంతా తడపలేం, బతికించుకోవడమే.

మర్నాడు పొద్దున నేను తోటకి బయల్దేరుతుంటే అమ్మ వచ్చి బండెక్కి వెనకాల కూర్చుంది. రమ్మని నేను పిలవలేదు, దిగమని అనలేదు. దారిలో రేవు దగ్గర డెక్క కాడలు అప్పుడే మెలికలు తిరుగుతున్నాయి. అమ్మ అటు చూడలేదు.

మొదటి డబ్బాలో మొక్క అప్పటికే లొంగిపోయింది. చిగురు కిందికి వంగి, ఆకులు దొన్నెల్లా ముడుచుకుని, కాడ కొక్కెంలా తిరిగింది. అమ్మ దాని ముందు గొంతుక్కూర్చుంది. ఆకుని వేలితో విప్పి చూసింది. అది మళ్ళీ ముడుచుకుంది. మళ్ళీ విప్పింది.

"ఇక్కడిదాకా వచ్చిందా?" అంది.

"వచ్చింది" అన్నాను.

అక్క ఒక చిన్న బిందె తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అంతే, ఆ రోజు నుంచి అమ్మ రోజూ వచ్చింది. చేతిపంపు దగ్గర అక్క కొట్టడం, బావా నేనూ పెద్ద బిందెలు మొయ్యడం, అమ్మ ఆ చిన్న బిందెతో ఒక్కో మొదలూ తడుపుకుంటూ పోవడం. మధ్యలో ఆగి డబ్బాల దగ్గరికి వెళ్ళి వచ్చేది. రెండో డబ్బా కూడా ముడుచుకుంది. తరవాతిది సగం సగం. నేను మధ్యాహ్నం దాకా కొట్టు మూసుకున్నాను. గిరాకీలు ఫోన్లు చేసి సణిగారు. నిజానికి ఆ బిందెల మోతలో నాకు వచ్చిన కోపానికి లెక్క లేదు. రేవులో ఇంటికో మనిషి ఒక్క పూట దిగి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఒక పూట! ఆ ఒక్క పూట మిగుల్చుకోవడానికి మా నడుములు విరిగాయి.

రేవు సంగతంటారా? కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది. డెక్క చచ్చిందే గానీ పోలేదు. గోధుమరంగుకి తిరిగి, సగం మునిగి సగం తేలి, కుళ్ళి కంపుకొట్టింది. వంతెన మీద పోయేవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. చిన్న చేపలు తెల్లటి పొట్టలతో తేలాయి. అంతకుముందు పచ్చగా అయినా ఉండేది. పోలి పాడ్యమి దగ్గర పడేసరికి ఆడవాళ్ళు మళ్ళీ సమావేశమై తెలివైన ఉపాయం కనిపెట్టారు. ఎవరింట్లో ప్లాస్టిక్ టబ్బు వాళ్ళు రేవు మెట్ల మీదికి తెచ్చుకుని, కుళాయి నీళ్ళు పోసుకుని, దాంట్లో దీపాలు వదులుకోవాలట. కాలువ పక్కన కూర్చుని టబ్బులో! నన్నొకావిడ కొట్టుకొచ్చి అడిగింది కూడా, ఈ కంపు పోవడానికి ఏదైనా మందుందా అండీ అని. నేను షట్టరు సగం దించేశాను.

అమ్మ టబ్బుకి ఒప్పుకోలేదు. పాడ్యమి ముందు రోజు నాటికి, చివరి మూడు డబ్బాల్లో మొక్కలు నిటారుగా ఉన్నాయి. కొత్త చిగురు కూడా సాఫుగా విచ్చుకుంది. నేను వాటిని ఎత్తి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. రేపు ఇంజను వెయ్యొచ్చని బావతో చెప్పాను. చెప్పానే గానీ అన్నం సహించలేదు. తోటలో మూడోవంతు పిందె అప్పటికే రాలిపోయింది. మిగిలింది ఈ నీళ్ళతో నిలబడాలి.

"అయితే నా దీపం ఇక్కడే" అంది అమ్మ.

పాడ్యమి తెల్లవారుజామున అందరం తోటలో ఉన్నాం. మంచు పడుతోంది. బావ హ్యాండిలు తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. గొట్టంలోంచి నీళ్ళు ధారగా బోదెలో పడి, ఎండిన మట్టిని నములుతున్నట్టు చప్పుడు చేసుకుంటూ చెట్ల మధ్యకి పాకాయి. అక్క వాటి ముందు నడుస్తూ అడ్డం వచ్చిన మట్టిగడ్డలు కాలితో తప్పిస్తోంది. ఒక్కో మొదలు దగ్గరా ఆగి చూసుకుంటోంది.

అమ్మ దొప్పలో ఒత్తి వెలిగించి బోదె పక్కన కూర్చుంది. పారే నీళ్ళు కనపడితే దోసిలి పట్టి నెత్తిన చల్లుకోకుండా కదిలే మనిషి కాదు. దొప్పని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నీళ్ళకి బెత్తెడు ఎత్తులో ఆపేసింది. నా వంక చూసింది.

"ఏరా, ఈ నీళ్ళు మంచివేనా?"

ఆ ప్రశ్న ఆవిడ నోట వినాలని ఎంతో వాదించినవాణ్ణి. తీరా అడిగాక అవునని నోరారా అనలేకపోయాను.

"డబ్బాలో మొక్క బాగానే ఉందమ్మా" అన్నాను.

అమ్మ గట్టు మీదున్న డబ్బా వైపు ఇంకోసారి చూసింది. దొప్పని నెమ్మదిగా నీళ్ళ మీద పెట్టింది. పక్కన రాలి ఉన్న వంగపుల్ల ఒకటి తీసుకుని, చెయ్యి తడవకుండా, దానితో నీళ్ళని మూడుసార్లు ముందుకి తోసింది.